సిమ్ గూటిలో ఎర్ర చుక్క

నేను నాంపల్లి కోర్టు ఎదుట జాబ్ టైపిస్టుని. అంటే ఎవరి నిజాలు వాళ్లు చెబుతుంటే కాగితం మీద కొట్టి ఇచ్చేవాణ్ని. మొదట మిషన్ మీద కొట్టాను, ఇప్పుడు కంప్యూటర్ మీద కొడుతున్నాను. మిషన్ మారినా జనం చెప్పే నిజాల నాణ్యతలో పెద్ద మార్పేమీ రాలేదు. ఇన్నేళ్లలో నాకొక విద్య అబ్బిందని నా గట్టి నమ్మకం. అఫిడవిట్ మీద సంతకం పెట్టేముందు పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగినవాడు అబద్ధం చెబుతున్నట్టే. ఈ సంగతి చాయ్ దగ్గర, చుట్టాల పెళ్లిళ్లలో, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు, అడిగినా అడక్కపోయినా చెబుతుంటాను. మా ఆవిడ అయితే వందసార్లు విని ఉంటుంది.

మా ఆవిడ అబిడ్స్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతి టీచరు. పిల్లల తల్లిదండ్రులు పొద్దున ఆరింటి నుంచే ఫోన్లు చేస్తారు. ఆమె పాత ఫోన్ వాళ్ల ధాటికి తట్టుకోలేక చేతులెత్తేసింది. అందుకని దసరాకు రెండు వారాల ముందు అబిడ్స్‌లోనే ఒక షాపులో కొత్తది కొన్నాం. షాపాయన డబ్బా చేతికిస్తూ, "సాల్ భర్, ఏడాదంత వారంటీ ఉన్నది సార్, ఏం ఫికర్ పెట్టుకోకుండ్రి" అన్నాడు. ఆ మాట అన్న మనిషి ముఖం సరిగ్గా గుర్తు పెట్టుకోవలసింది, పెట్టుకోలేదు.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ నా శాఖ. పిండివంటలు, పూలు, ముగ్గులు, ఇల్లు కడగడం వగైరా చిల్లర పనులన్నీ ఆమెవి. బొట్లు పెట్టే అసలు బాధ్యత నాది. గంధం చిక్కగా తీసి, కుంకుమ తడిపి, ఉంగరం వేలితో పెడతాను. నేను పెట్టిన బొట్టు మళ్లీ దసరా దాకా ఊడదని మా గల్లీలో పేరు. ఆ రోజు మూలన పడి ఉన్న పాత టైపు మిషన్‌తో మొదలుపెట్టి కంప్యూటర్, ప్రింటర్, స్టాప్లర్, కత్తెర, స్కూటర్, మిక్సీ, ఆవిడ గొడుగు, ఫోన్లు, ఒక్కటీ వదలలేదు. వంటింట్లోంచి ఆమె ఏదో అన్నది. పూజలో ఉన్నవాణ్ని కదా, వినలేదు.

పండుగ అయిన మూడో రోజుకు కొత్త ఫోన్ మూగబోయింది. పూర్తిగా పాడైపోతే బాగుండేది, అలా కాదు. అవతలివాళ్ల మాట ఈమెకు చక్కగా వినిపిస్తుంది, ఈమె మాట అవతలికి పోదు. తల్లిదండ్రులు ఫోన్ చేసి, హోంవర్కు ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు తమ గోడు వెళ్లబోసుకునేవారు. ఈమె "హలో, వినిపిస్తుందా" అని గొంతు చించుకునేది. వాళ్లకు వినిపించేది కాదు కాబట్టి అడ్డు లేకుండా అంతా చెప్పేసి తృప్తిగా పెట్టేసేవారు. ఇంత ఓపికగా వినే టీచరును ఎక్కడా చూడలేదని ఒక తల్లి ఏకంగా హెడ్మాస్టరుకే చెప్పిందట.

సర్వీసు సెంటర్ అబిడ్స్‌లోనే, ఒక కాంప్లెక్సు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టుకు బాగోలేదని కాగితం అంటించి ఉంది. వస్తువులు బాగుచేసే చోటికి దారి చూపించే మొదటి గుర్తు అది. లోపల చల్లగా ఉంది. గోడ మీద "మీ చిరునవ్వే మా వారంటీ" అని పెద్ద అక్షరాలు. కింద ప్లాస్టిక్ కుర్చీల్లో టోకెన్లు పట్టుకుని పదిహేను మంది కూర్చుని ఉన్నారు. ఒక్క ముఖంలోనూ వారంటీ కనిపించలేదు.

మా వంతు వచ్చేసరికి గంటన్నర పట్టింది. కౌంటర్ అమ్మాయి ఫోన్ తీసుకుని, సన్న సూదితో సిమ్ పెట్టే గూడును బయటికి లాగి, లోపలికి చిన్న టార్చి వేసి ఒక కన్ను మూసి చూసింది. చూడటం అర నిమిషంలో అయిపోయింది.

"సారీ సార్, లిక్విడ్ డ్యామేజ్. వారంటీ వర్తించదు."

"అంటే ఏందమ్మా?"

"నీళ్లల్ల పడ్డది సార్. లోపల తెల్ల స్టిక్కర్ ఉంటది. తడి తగిల్తే ఎర్రగ అయితది. మీది ఎర్రగ అయింది, చూస్కోండి" అని కంప్యూటర్ తెర మా వైపు తిప్పింది. అందులో ఆ గూటి లోపల తీసిన ఫొటో ఉంది, దాని మధ్యలో నిజంగానే ఎర్ర చుక్క ఉంది.

మా ఆవిడ ముందుకు వంగి, "నేను నీళ్లల్ల పడెయ్యలే" అన్నది.

"అందరూ అట్లనే అంటరు మేడమ్" అన్నది ఆ అమ్మాయి. కోపంగా కూడా అనలేదు, టైం ఎంతయిందో చెప్పినట్టు చెప్పింది. కుర్చీల్లోని వాళ్లంతా మా ఆవిడ వైపు చూశారు. ఆమె ముఖం ఎర్రబడింది. బడిలో అబద్ధం చెప్పిన పిల్లవాణ్ని ఎప్పుడూ కొట్టదు గానీ, వాడి ముందు కూర్చుని నిజం చెప్పేదాకా లేవదు. అలాంటి మనిషిని నలుగురిలో అబద్ధాలకోరు అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఫోన్ సంగతి అటుంచి, ఈ మాట వెనక్కి తీసుకునేదాకా వీళ్లను వదలనని మెట్లు దిగుతూనే ఒట్టు పెట్టుకున్నాను.

ముందు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాం. నా నంబరు నుంచి చేస్తే, రిజిస్టరైన నంబరు నుంచే చేయాలన్నారు. రిజిస్టరైన నంబరు మూగఫోన్‌లో ఉంది. దాన్నుంచి చేస్తే ఒక తియ్యని గొంతు "మీ సమస్యను చెప్పండి" అన్నది. నేను చెప్పాను. "మీరు ఏమీ మాట్లాడటం లేదు" అన్నది. మైకు పోయిందని అరిచాను. "మీరు ఏమీ మాట్లాడటం లేదు కాబట్టి కాల్ ముగిస్తున్నాం. మాతో మాట్లాడినందుకు ధన్యవాదాలు" అన్నది. మూడుసార్లు ఇదే జరిగింది. మూగవాళ్ల ఫిర్యాదును మాట్లాడితేనే తీసుకుంటామనే ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఆ బుర్రకు మాత్రం వారంటీ ఉండి తీరాలి. నాలుగోసారి నేను అరవబోతుంటే, మా ఆవిడ మాట్లాడకుండా సిమ్ తీసి నా ఫోన్‌లో వేసి ఇచ్చింది. ఆ ఆలోచన నాకు రాలేదు. ఈసారి ఒక మనిషే మాట్లాడాడు. మా ఆవేదన తనకు పూర్తిగా అర్థమైందని, తను చేయగలిగిందేమీ లేదని చెప్పి, తన సేవకు ఐదు నక్షత్రాలు ఇమ్మన్నాడు.

ఇక నా సొంత ఆయుధం తీశాను. నా దగ్గర కాగితాలు కొట్టించుకునే వకీలు సాబ్ ఒకాయన లెటర్‌హెడ్ ఇచ్చాడు, నోటీసు నేనే రాసుకున్నాను. ఎంతమంది దుఃఖాలనో పక్కింటి సంగతిలా కొట్టిన చేతులు ఈసారి తమ ఇంటి దుఃఖం కొట్టాయి. 'గౌరవనీయురాలైన ఒక ఉపాధ్యాయురాలి సత్యసంధతను బహిరంగంగా శంకించి', 'తీరని మనోవేదనకు గురిచేసి', ఇలా రెండు పేజీలు దంచాను. అందులో ఉన్న బరువైన మాటల్లో సగం ఇంతకుముందు ఒక భూమి తగాదాలో వాడినవే. నోటీసును ఫోన్ కంపెనీకి రిజిస్టరు పోస్టులో పంపి, వారం రోజులు కోర్టు గేటు దగ్గర అందరికీ చదివి వినిపించాను.

పదో రోజున జవాబొచ్చింది. వచ్చే శనివారం మా ఎదుటే ఫోన్ విప్పి చూస్తారట. వచ్చేటప్పుడు, ఫోన్‌కు ఎటువంటి ద్రవమూ తగల్లేదని సొంతదారు సంతకంతో ఒక ప్రమాణ పత్రం తేవాలట. నవ్వొచ్చింది. అఫిడవిట్ తెమ్మని నన్ను అడుగుతున్నారు! ఆ సాయంత్రమే కొట్టి, ప్రింటు తీసి, పెన్నుతో సహా ఆమె ముందు పెట్టాను.

ఆమె చదివింది. పెన్ను తీసుకున్నది. తర్వాత ఆగింది.

ఒక క్షణం కాదు, చాలాసేపే ఆగింది. 'కొన్న నాటి నుండి నేటి వరకు ఎటువంటి ద్రవపదార్థమూ సదరు ఫోనును తాకియుండలేదు' అన్న వాక్యం కింద వేలు పెట్టి, "ఇది తీసెయ్యుండ్రి. నీళ్లల్ల పడెయ్యలే అని రాయుండ్రి. గంతే" అన్నది.

"వాళ్లు అడిగింది గట్ల కాదు. ఏ ద్రవమూ అని అడిగిన్రు."

"నేను నీళ్లల్ల పడెయ్యలే. గది రాస్తే పెడ్త. ఇది రాస్తే పెట్ట."

"ఎందుకు పెట్టవ్? ఏమన్న అయిందా?"

ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసి బియ్యం ఏరడానికి వెళ్లిపోయింది.

ఇన్నేళ్ల అనుభవం, నా పేరుగాంచిన విద్య, రెండూ ఒకే మాట చెప్పాయి. ఈమె ఫోన్‌ను బకెట్లోనో, వంటింటి తొట్టిలోనో పడేసింది. తుడిచి ఏమీ ఎరగనట్టు ఊరుకుంది. ఆమెను నమ్మి నేను నోటీసు పంపాను, ఊరంతా చదివి వినిపించాను. ఆమె తరఫున కత్తి దూసిన నేనే ఆమెను ముద్దాయిని చేసేశాను. ఆ తీర్పు ఇవ్వడానికి నాకు సర్వీసు సెంటర్ అమ్మాయి తీసుకున్న అర నిమిషం కూడా పట్టలేదు. ఆ అమ్మాయి కనీసం టార్చి అయినా వేసి చూసింది.

తర్వాతి రెండు రోజులూ నేను ఇంట్లో ఎలా ప్రవర్తించానో రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆమె స్నానానికి వెళుతుంటే "ఫోన్ జర బయట పెట్టి పో" అన్నాను. మంచినీళ్ల గ్లాసు తెస్తే "దూరంగ పెట్టు, గాడ ఫోన్ ఉన్నది" అన్నాను. పప్పులో నీళ్లు ఎక్కువైతే "ఇది గూడ లిక్విడ్ డ్యామేజేనా?" అన్నాను. ఆమె రెండో రోజు రాత్రికి వడ్డించడం తప్ప నాతో మాట్లాడటమే మానేసింది. దాన్ని కూడా నేను తప్పు ఒప్పుకోవడం కిందే జమకట్టాను.

శుక్రవారం ఆమె చెప్పినట్టే వాక్యం మార్చి కొట్టాను. 'నేను ఫోనును నీళ్లలో పడవేయలేదు.' ఈసారి చదివి, ఆగకుండా సంతకం పెట్టింది. నా విద్య ప్రకారం అది నిజమైన సంతకం. ఆ సంగతి నాకు తట్టకపోలేదు గానీ, నాకు నచ్చిన తీర్పు ముందే ఇచ్చేశాను కదా, దాన్ని పక్కన పెట్టేశాను.

శనివారం మళ్లీ ఆ మెట్లెక్కాం. ఈసారి లోపలి గదిలోంచి పెద్ద టెక్నీషియన్ వచ్చాడు. నడివయసు మనిషి, చెవి వెనకాల సన్న బ్రష్షు పెట్టుకుని ఉన్నాడు. నోటీసు అందినందుకో ఏమో, కౌంటర్ అమ్మాయి మాకు కుర్చీలు కూడా వేసింది. ఆయన ఫోన్‌ను పెద్ద భూతద్దం కింద పెట్టాడు. దాని లోపల కనిపించేదంతా పక్కనున్న తెర మీద మాకు కనిపిస్తోంది. ఆ భూతద్దం మెడ మీద గంధం బొట్టు, మధ్యలో కుంకుమ ఉన్నాయి. వీళ్లూ మనలాంటివాళ్లేనని ఒక్క నిమిషం మనసు మెత్తబడింది.

ఆయన సిమ్ గూడు లాగాడు. తెర మీద ఎర్ర చుక్క సూర్యుడంత కనిపించింది. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె తెర వైపే చూస్తోంది.

ఆయన ఒక పుల్లకు దూది చుట్టి ఆ చుక్క మీద రుద్దాడు. దూది ఎర్రబడింది. చుక్క పోయింది. కింద స్టిక్కర్ తెల్లగా, కొత్తదానిలా ఉంది.

"నీళ్లు పోలే అమ్మా" అన్నాడు ఆయన. "స్టిక్కర్ గట్లనే ఉన్నది. పైన ఏందో పొడి పడ్డది, గంతే."

కౌంటర్ అమ్మాయి ముందుకొచ్చి చూసి, "సారీ మేడమ్" అన్నది. ఈసారి మెల్లగా, నిజంగానే అన్నది. మా ఆవిడ తలూపింది. గెలిచింది మేమే కదా, మరి గెలిచినట్టు ఎందుకు లేదో అర్థం కాలేదు.

ఆయన ఫోన్ అడుగంచును భూతద్దం కిందికి తిప్పాడు. ఛార్జర్ పెట్టే చోటు పక్కన సూదిమొన అంత రంధ్రం ఒకటి ఉంటుంది, మైకు అక్కడ ఉంటుందట. ఆ రంధ్రం నిండా గట్టిగా ఏదో ఎండి ఉంది. సూదితో గీకాడు. తెల్ల కాగితం మీద ఎర్ర పొడి, పసుపుపచ్చని పెచ్చులు రాలాయి. వేలితో నలిపి వాసన చూశాడు. తర్వాత మా వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు.

"గంధం సార్. గంధం, కుంకుమ. దసరాకు పెట్టిన్రా?"

అప్పుడు గుర్తొచ్చింది. అద్దం మీద పెడితే తెర పాడవుతుందని బాగా ఆలోచించి, అడుగంచు మీద పెట్టాను. ఆ తెలివికి ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

"మేం గూడ పెడ్తం సార్" అన్నాడాయన, తన భూతద్దం మెడ చూపించి. "గానీ రంధ్రాల మీద పెట్టం. మీది మస్తు గట్టి బొట్టు సార్, సిమెంట్ లెక్క పట్టింది. సిమ్ పెట్టేది గూడ గీ అంచుకే ఉన్నది. మొన్న మా కౌంటర్ అమ్మాయి అది గుంజినప్పుడు గీ పెచ్చులే లోపల రాలినయ్. ఎవరు పెట్టిన్రు?"

మా ఆవిడ తల ఎత్తలేదు. నా వైపు కూడా చూడలేదు. తను పెట్టానని చెబితే అబద్ధం అవుతుంది, నేను పెట్టానని చెబితే నా పరువు పోతుంది. ఆమె రెండూ చేయకుండా చేతిలోని పర్సు జిప్పు సరిచేసుకుంటూ కూర్చున్నది.

"నేనే పెట్టిన" అన్నాను.

కోర్టు గేటు దగ్గర నోటీసు చదివిన గొంతేనా అనిపించింది నాకే. బ్రష్షుతో రంధ్రం శుభ్రం చేయడానికి ఆయనకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. వారంటీ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తడానికి ఏమీ మిగల్లేదు. ఫోన్‌లో రికార్డింగు నొక్కి ఆమె ముందు పెట్టి, "ఏదన్న మాట్లాడుండ్రమ్మా, చెక్ చేద్దాం" అన్నాడు.

ఆమె ఫోన్‌కు దగ్గరగా వంగి, పిల్లలకు పాఠం చెప్పే గొంతుతో, "నేను నీళ్లల్ల పడెయ్యలే" అన్నది.

ఆయన గట్టిగా వచ్చేట్టు పెట్టి వినిపించాడు. తలుపు తెరిచే ఉంది. ఆ మాట కుర్చీల్లో కూర్చున్న టోకెన్లవాళ్లందరికీ వినిపించింది.

మెట్లు దిగి నాంపల్లి వైపు నడవసాగాం. చివరికి నేనే అడిగాను.

"బొట్టుతోనే అయిందని నీకు ఎర్కనా?"

"అనుమానం ఉండె."

"మరి చెప్పలేదేంది?"

"చెప్పిన. దసరా నాడే చెప్పిన, ఫోన్‌కు తడి బొట్టు వద్దు, పొడిది పెట్టుండ్రి అని. వంటింట్ల నుంచి రెండుసార్లు చెప్పిన." నడుస్తూనే చెబుతోంది, గొంతు పెంచలేదు. "నోటీసు పోయినంక ఇగ ఏం చెప్పాలె? ఊరంత చదివి వినిపిస్తుంటిరి. మా ఆయన బొట్టుతోనే కరాబ్ అయింది అని నలుగుర్ల చెప్పాల్నా? తడి బొట్టు గూడ ద్రవమే గద, గందుకే మీరు రాసిన దాంట్ల సంతకం పెట్టలే. నాకు తెలిసింది పెట్టిన."

ఎదురుగా ఆటోలు, బండ్లు, హారన్లు. నాకు ఏవీ వినిపించలేదు. నాతో అన్న ప్రతి మాటా ఆమె తూచి అన్నది. నేనొక్కటీ వినలేదు. పైగా రెండు రోజులు ఆమె మంచినీళ్ల గ్లాసును వెక్కిరించాను.

"తప్పు నాదే" అన్నాను. "నిన్ను అనుమానించిన. నాది తప్పు."

ఆమె ఆగి నా ముఖంలోకి చూసింది. దసరా తర్వాత ఆమె కళ్లల్లో నవ్వు మొదటిసారి చూశాను.

"గట్ల నోటితోని అంటే ఎట్ల? టైపు కొట్టి ఇయ్యుండ్రి."

ఆట పట్టిస్తోందనుకున్నాను. కానీ ఇంటికి రాగానే కంప్యూటర్ మీది గుడ్డ తీసి, కుర్చీ లాగి, పక్కన నిలబడింది. కొట్టాను. ఫోన్ మీద బొట్టు పెట్టింది నేనేనని, వద్దని భార్య రెండుసార్లు చెప్పినా వినలేదని, ఆమె చెప్పింది నిజమని, ఆమెను అబద్ధాలకోరు అనుకున్నవాణ్ని నేనేనని. నా వృత్తిలో ఇంత పొట్టి అఫిడవిట్ ఎప్పుడూ కొట్టలేదు, ఒక్క బరువైన మాట కూడా పెట్టలేదు. ప్రింటు తీసి ఆమెకిచ్చాను. మొత్తం చదివి, బల్ల మీద పెట్టి, పెన్ను నా చేతికిచ్చింది.

సంతకం పెట్టబోతే నా చెయ్యి ఆగింది. ఎందుకు ఆగిందో ఇప్పటికీ చెప్పలేను. కళ్లు కొంచెం మసకబారాయి, అంతే.

"ఆగిన్రు" అన్నది ఆమె. "సంతకం కాడ ఆగినోళ్లు అబద్ధం చెప్తరు అంటరు గదా మీరు."

సంతకం పెట్టాను. ఆమె కాగితాన్ని మడిచి, ఫోన్ డబ్బాలో, వారంటీ కార్డు మీద పెట్టి మూత పెట్టింది.